హాని ఉందని నువ్వే నిరూపించు

"దానివల్ల హాని ఉందని ఇంతవరకు ఎవరైనా నిరూపించారా?" అన్న ప్రశ్న ఎక్కడ వినపడినా నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. ప్రశ్నలో తప్పేం లేదు, ఏ ప్రయోగశాలలోనైనా రోజూ అడగాల్సిందే. కానీ మంత్రులు, కంపెనీ ఛైర్మన్లు, పెద్ద పెద్ద అధికారులు మైకు ముందు ఆ మాట అనే తీరు వేరుగా ఉంటుంది. వాళ్ళు జవాబు కోసం అడగరు. జవాబు ఇప్పట్లో రాదని తెలిసే అడుగుతారు.

సైన్సు, ప్రజాజీవితం, నిజాయితీ అంటూ ఎవరైనా చర్చ పెడితే అది వెంటనే అబద్ధాల మీదకి పోతుంది. ఎవరు లెక్కలు దాచారు, ఎవరు రిపోర్టు తొక్కిపెట్టారు, ఎవరు డబ్బు తీసుకున్నారు. అవన్నీ జరుగుతాయి, కాదనను. కానీ నేను చదివిన పెద్ద పెద్ద వైఫల్యాల్లో చాలావాటికి పచ్చి అబద్ధం అవసరమే పడలేదు. అందరి ముందూ అవే కాగితాలు, అవే అంకెలు. మారిందల్లా రుజువు తెచ్చే పని ఎవరి నెత్తిన ఉందన్నది. అది చడీచప్పుడు లేకుండా ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదకి వెళ్ళిపోయాక, ఎంత నిక్కచ్చిగా లెక్కలు వేసినా జవాబు ముందే ఖాయమైపోయి ఉంటుంది.

1986 జనవరి 27 రాత్రి సంగతి చూడండి. మర్నాడు ఛాలెంజర్ స్పేస్ షటిల్ ఎగరాలి. ఫ్లోరిడాలో ఆ రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి పడిపోతుందని వాతావరణ సూచన. షటిల్‌కి అటూ ఇటూ ఉండే బూస్టర్లను తయారుచేసింది మోర్టన్ థియోకాల్ కంపెనీ. బూస్టరు ముక్కలు కలిసే అతుకుల దగ్గర వేడి వాయువు బయటికి తన్నుకురాకుండా ఓ-రింగులని రబ్బరు వలయాలు పెడతారు. చలికి రబ్బరు బిరుసెక్కుతుంది, బిరుసెక్కితే సందును వెంటనే మూయలేదు. అంతకుముందు అన్నిటికంటే చల్లని వాతావరణంలో జరిగిన ప్రయోగంలో ఆ అతుకు దగ్గర ఉష్ణోగ్రత దాదాపు 12 డిగ్రీల సెల్సియస్. ఆ బూస్టర్లను విప్పి చూస్తే మొదటి రింగును దాటి వాయువు పోయిన మసి కనపడింది. అందుకని రోజర్ బోయిజొలీ, ఆర్నీ థాంప్సన్ అనే ఇంజనీర్లు ఆ రాత్రి ఫోన్ మీటింగులో నాసా వాళ్ళకి చార్టులు చూపించి తమ భయం చెప్పారు, 12 డిగ్రీల కంటే తక్కువైతే ఎగరేయొద్దని కంపెనీ తరఫునే సిఫార్సు వెళ్ళింది.

నాసా వైపు నుంచి వచ్చిన స్పందన మామూలుగా లేదు. ఒక అధికారికి ఆ సిఫార్సు మింగుడుపడలేదు, ఇంకొకాయన అయితే "మరి ఎప్పుడు ఎగరేయమంటారు, ఏప్రిల్‌లోనా?" అన్నాడు. థియోకాల్ వాళ్ళు కాసేపు లైను ఆపి తమలో తాము మాట్లాడుకున్నారు. అక్కడ ఒక సీనియర్ మేనేజరు, ఇంజనీరింగ్ విభాగం అధిపతితో ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. బోయిజొలీ, థాంప్సన్ మళ్ళీ లేచి వెళ్ళి ఫొటోలు, కాగితాలు వాళ్ళ ముందు పెట్టి ఇంకోసారి చెప్పి చూశారు. లాభం లేకపోయింది. నలుగురు మేనేజర్లు తేల్చేశారు. లైను మళ్ళీ కలిసింది, ఎగరేయొచ్చని సంతకం చేసిన కాగితం వెళ్ళింది. ఆ కాగితం మీద సంతకం పెట్టను అన్నది ఫ్లోరిడాలో ఉన్న ఆ కంపెనీ ప్రతినిధి ఆలన్ మెక్‌డొనాల్డ్ ఒక్కడే. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకి షటిల్ ముక్కలైంది, ఏడుగురూ పోయారు.

తర్వాత విచారణ కమిషన్ ముందు బోయిజొలీ చెప్పిన విషయం నాకు ఈ మొత్తం ఉదంతంలో అన్నిటికంటే ముఖ్యమైనది. మామూలు సమీక్షల్లో ఎగరడం సురక్షితం అని కాంట్రాక్టరు నిరూపించాలి, ఆ రాత్రి మాత్రం సురక్షితం కాదని అణుమాత్రం సందేహం లేకుండా నిరూపించమని తమని అడిగారు అన్నాడు. ఎవరూ డేటా దాచలేదు. ఎవరూ దొంగలెక్క రాయలేదు. ప్రశ్న తలకిందులైంది, అంతే. "చలిలో ఈ రింగు పనిచేస్తుందని తెలుసా?" అంటే జవాబు "తెలియదు", కాబట్టి ఆగాలి. "చలిలో ఈ రింగు పనిచెయ్యదని తెలుసా?" అన్నా జవాబు "తెలియదు", కాబట్టి ఎగరొచ్చు. అజ్ఞానం రెండు చోట్లా సమానమే, నిర్ణయాలు మాత్రం ఉత్తర దక్షిణ ధ్రువాలు.

ఇంజనీర్లను దేవుళ్ళను చెయ్యనక్కర్లేదు. వాళ్ళు ఆ రాత్రి వాడిన చార్టుల్లో రింగులు దెబ్బతిన్న ప్రయోగాల మీదే దృష్టి, ఏ దెబ్బా తగలని ప్రయోగాలను పక్కన పెట్టి పోల్చలేదు. దెబ్బతిన్నవాటినే చూస్తే చల్లని రోజూ ఉంది, వెచ్చని రోజూ ఉంది, ఉష్ణోగ్రతకి సంబంధం ఉన్నట్టు అనిపించదు. అన్నీ కలిపి చూస్తే 19 డిగ్రీలు, ఆపైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడింట్లోనే దెబ్బలు, 17 డిగ్రీలు, అంతకంటే తక్కువలో జరిగిన నాలుగింట్లో నాలుగూ దెబ్బతిన్నవే. కమిషన్ తర్వాత వేసిన లెక్క ఇది, ఒక్క కాగితం మీద పట్టేస్తుంది. కానీ అర్ధరాత్రి ముందు అప్పటికప్పుడు "నిరూపించు" అని మీద పడితే ఎవరి చార్టైనా అలాగే ఉంటుందేమో.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఫ్రాన్సెస్ కెల్సీ. 1960లో ఆవిడ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో కొత్తగా చేరింది. చేరిన కొద్ది వారాలకే థాలిడోమైడ్ ఫైలు చేతికొచ్చింది. నిద్ర మందు. యూరప్‌లో బ్రహ్మాండంగా అమ్ముడుపోతోంది, అంత సురక్షితమైన మందు లేదని పేరు. అప్పటి చట్టం ప్రకారం 60 రోజుల్లోగా ఎఫ్‌డీఏ అభ్యంతరం చెప్పకపోతే మందు దానంతటదే మార్కెట్లోకి వెళ్ళిపోతుంది. అంటే చట్టమే రుజువు తెచ్చే బరువును నియంత్రించేవాళ్ళ మీద పెట్టింది. కెల్సీ చేసిందల్లా ఆ బరువును తిరిగి కంపెనీ ఒళ్ళో పెట్టడం. దరఖాస్తు అసంపూర్ణం, ఫలానా పరీక్షల వివరాలు లేవు, పంపండి అని రాస్తుంది. గడువు మళ్ళీ మొదటికి. ఇంకో వివరం. మళ్ళీ మొదటికి. ఈలోగా ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో ఆ మందు చాలాకాలం వాడినవాళ్ళకి చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కి మొద్దుబారుతున్నాయని ఒక డాక్టరు రాసిన ఉత్తరం ఆవిడ కంటపడింది. నరాల మీద పనిచేసేదైతే గర్భంలో బిడ్డ మాటేమిటి, ఆ సంగతి మీరు చూశారా అని అడిగింది. కంపెనీ వాళ్ళు ఆవిడకి, ఆవిడ పైవాళ్ళకి ఎన్నిసార్లు ఫోన్లు చేశారో, ఎన్నిసార్లు వచ్చి కూర్చున్నారో లెక్కలేదు. చాదస్తం అన్నారు, మొండితనం అన్నారు.

1961 నవంబరులో జర్మనీలో ఆ మందు వెనక్కి తీసుకున్నారు. ప్రపంచం మొత్తం మీద 10,000 మందికి పైగా పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడక పుట్టారు. డాక్టర్లకి శాంపిళ్ళుగా పంచిన మాత్రల వల్ల అమెరికాలోనూ కొందరు అలా పుట్టారు కానీ మందు అమ్మకానికి రాలేదు.

కెల్సీ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఆవిడ ప్రమాదాన్ని ముందే కనిపెట్టింది అన్నట్టు చెబుతారు. అది నిజం కాదు, అలా చెప్పడం ఆవిడకి అన్యాయం కూడా. పిల్లలు అలా పుడతారని ఆవిడకి తెలియదు, ఎవరికీ తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం తెలుసు, అది ఎవరు తెలుసుకోవాలో కూడా తెలుసు. రేపు థాలిడోమైడ్ మంచి మందే అని తేలినా ఆవిడ చేసిన పని సరైనదే అయ్యేది. ఇది చాలామంది ఒప్పుకోరు, ఫలితం బాగుంటేనే పద్ధతి బాగున్నట్టు. 1962లో అమెరికా చట్టం మార్చి, మందు పనిచేస్తుందని కూడా కంపెనీయే నిరూపించాలని, ఎఫ్‌డీఏ అవునంటేనే బయటికి రావాలని పెట్టారు. ఒక్క మనిషి మొండితనం మీద ఆధారపడే అవసరం కొంత తగ్గింది.

ఇక సీసం. ఈ విషయం మీద నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతావి ఒక రాత్రి, ఒక సంవత్సరం, ఇది దాదాపు వందేళ్ళు.

1921 చివర్లో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం ఉన్న ద్రవం కలిపితే పెట్రోలు ఇంజనులో టపటపా కొట్టుకోదని కనిపెట్టాడు. సీసం విషమని అప్పటికే శతాబ్దాలుగా తెలుసు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఆ ద్రవం తయారుచేసే చోట కార్మికులకి పిచ్చెక్కినట్టయి, గోడలకి కొట్టుకుని, అయిదుగురు చచ్చిపోయారు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. అప్పుడు మిడ్జ్‌లీ విలేకరుల ముందుకొచ్చి ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని రుద్దుకున్నాడు, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చాడు, రోజూ ఇలా చేసినా నాకేం కాదన్నాడు. అంతకు ఏడాదిన్నర కిందటే ఆయన సీసం విషంతో జబ్బుపడి సెలవు పెట్టి వెళ్ళొచ్చాడు. ఈ ముక్క విలేకరులకి చెప్పినట్టు లేదు. ఏ నాయకుడైనా, ఏ అధిపతైనా కెమెరాల ముందు తన సొంత ఒంటి మీద ప్రయోగం చేసి చూపిస్తున్నాడంటే నాకు అప్పుడే టెన్షన్ మొదలవుతుంది. చూపించడానికి కాగితం ఉన్నవాడు కాగితమే చూపిస్తాడు కదా.

1925 మేలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య విభాగం సభ పెట్టింది. సీసం అమ్మే కంపెనీ ప్రతినిధి, ఇంత గొప్ప పదార్థాన్ని కేవలం మన భయాల కోసం వదులుకోవడం ఘోరమైన పొరపాటు అవుతుందని వాదించాడు. ఆలిస్ హామిల్టన్ లాంటి వైద్యులు వ్యతిరేకించారు. ఒక కమిటీ వేశారు, అది ఏడాది తిరక్కుండానే కొన్ని వందల మందిని పరీక్షించి, నిషేధించడానికి ప్రస్తుతం తగిన కారణాలు లేవని తేల్చింది. దానితోపాటే ఇంకోమాట కూడా రాసింది: ఎక్కువకాలం గడిస్తే, కొంచెం కొంచెం సీసం ఒంట్లో పేరుకున్నా నెమ్మదిగా జబ్బులు బయటపడొచ్చు, కాబట్టి ప్రభుత్వ డబ్బుతో పరిశోధన కొనసాగాలి అని. మొదటి వాక్యం బతికింది. రెండోది ఫైల్లో ఉండిపోయింది. తర్వాత దాదాపు నలభై ఏళ్ళు ఈ విషయం మీద జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఆ పరిశ్రమ డబ్బుతో రాబర్ట్ కీహో అనే ఆయన ప్రయోగశాలలో జరిగింది.

కీహో అజ్ఞాని కాదు, లంచగొండి అని కూడా నేననను. ఆయన సూత్రం చాలా శాస్త్రీయంగా వినపడుతుంది: హాని జరుగుతోందని చూపించండి, చూపించినరోజు నేనే ఆపమంటాను. చూపించడానికి కావలసిన పరికరాలు, నమూనాలు, నిధులు అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి, అదొక్కటే చిక్కు. మనుషుల ఒంట్లో సీసం ఉండటం సహజమే అన్నది ఆయన వాదనకి పునాది. కార్లు, కర్మాగారాలు లేని మెక్సికో పల్లెల్లో రైతులను పరీక్షిస్తే వాళ్ళలోనూ సీసం కనపడింది, చూశారా అన్నాడు. ఆ రైతులు తినే మట్టిపాత్రల మెరుపుపూతలోనే సీసం ఉంది.

దీన్ని పడగొట్టినవాడు వైద్యుడు కాదు. క్లెయిర్ ప్యాటర్సన్ అనే భూరసాయన శాస్త్రవేత్త భూమి వయసు కట్టే పనిలో ఉన్నాడు. ఉల్కల్లో ఉన్న సీసాన్ని అతి సూక్ష్మంగా కొలవాలి. కొలిచినప్పుడల్లా అంకె చెదిరిపోయేది, ఎందుకంటే గాల్లో, దుమ్ములో, గాజుసామానులో, తన జుట్టులో, అన్నిట్లో సీసమే. గదిని కడిగి కడిగి, గాలిని వడకట్టి, ప్రపంచంలోకెల్లా శుభ్రమైన ప్రయోగశాలల్లో ఒకటి కట్టుకున్నాక 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని ప్రకటించాడు. ఆ తర్వాత ఆయనకి తన గదిలోకి వచ్చిపడుతున్న సీసం ఎక్కడిదన్న ప్రశ్న పట్టుకుంది. సముద్రంలో అడుగు నీటికంటే పైనీటిలో సీసం ఎక్కువ ఉందని చూశాడు, గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో ఆధునిక కాలానికి వచ్చేకొద్దీ అది పెరుగుతూ పోవడం చూశాడు. 1965లో, మనం మామూలు అనుకుంటున్నది సహజం కాదు, సగటు అమెరికన్ ఒంట్లో సీసం సహజంగా ఉండాల్సిన దానికి దాదాపు వందరెట్లు ఉందని రాశాడు. పోల్చుకోవడానికి సీసం తగలని మనిషే మిగల్లేదు, అందుకే ఇన్నాళ్ళూ తేడా కనపడలేదు. 1971లో గాలిలో సీసం మీద జాతీయ స్థాయి నిపుణుల కమిటీ వేసినప్పుడు ఈ విషయం అందరికంటే బాగా తెలిసిన ఆయన్ని మాత్రం పిలవలేదు.

తర్వాతది గబగబా చెప్పేస్తాను. అమెరికాలో పెట్రోల్లో సీసం తగ్గించడం 1970ల్లో మొదలైంది, వాహనాలకి పూర్తి నిషేధం 1996లో వచ్చింది. 1976-80 మధ్య తీసిన రక్తపరీక్షల సగటును 1988-91 నాటి సగటుతో పోలిస్తే జనం రక్తంలో సీసం 78 శాతం పడిపోయింది. ప్రపంచంలో చివరిసారిగా అమ్మకం ఆపిన దేశం అల్జీరియా, 2021లో.

అయితే నన్ను ఎక్కువ కలవరపెట్టేది సీసం మీద వేసిన ఆ కమిటీ 1926 రిపోర్టులో రెండో వాక్యం. ఎందుకంటే అదే కథ ఇంకోచోట, ఇంకో కాలంలో, చెడ్డవాడంటూ ఎవరూ లేకుండా మళ్ళీ జరిగింది. బ్రిటన్‌లో ఆవులకి మతిపోయే జబ్బు, బీఎస్ఈ, వచ్చినప్పుడు 1989లో సౌత్‌వుడ్ కమిటీ రిపోర్టిచ్చింది. మనుషులకి దీనివల్ల ఏమీ కాకపోవచ్చు, అవకాశం చాలా తక్కువ అని ఒక వాక్యం. మా అంచనా తప్పయితే మాత్రం పర్యవసానాలు చాలా తీవ్రంగా ఉంటాయి అని ఆ వెంటనే ఇంకొకటి. మొదటిదాన్ని మంత్రులు, అధికారులు ఏళ్ళ తరబడి జపం చేశారు. 1990లో వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ కెమెరాల ముందు తన నాలుగేళ్ళ కూతురికి బర్గరు తినిపించబోయాడు, తానూ కొరికి చూపించాడు. (మిడ్జ్‌లీ తన చేతులతోనే సరిపెట్టాడు, ఆ మేరకి నయం.) 1996 మార్చి 20న పార్లమెంటులో, మనుషుల్లో వస్తున్న కొత్త రకం మెదడు జబ్బుకి దీనితో సంబంధం ఉండే అవకాశం ఎక్కువని ప్రకటించాల్సి వచ్చింది. ఆ దేశంలో ఆ జబ్బుతో 178 మంది పోయారు.

2000లో వచ్చిన ఫిలిప్స్ విచారణ నివేదిక ఏమందో చూస్తే, ప్రభుత్వం అబద్ధమాడలేదు, ప్రమాదం తక్కువేనని నిజంగానే నమ్మింది, కానీ జనం కంగారుపడతారన్న భయంతో ధైర్యం చెప్పడమే పనిగా పెట్టుకుంది, అది తప్పు అని తేల్చింది. అబద్ధం లేని అన్యాయం ఇది. మనకి దీన్ని తిట్టడానికి సరైన పద్ధతి కూడా లేదు, దొంగను పట్టుకుంటే ఉండే తృప్తి ఇందులో ఉండదు.

ఇది ఎలా జరుగుతుందో నాకు దగ్గరగా తెలుసు. కొన్నేళ్ళు నా ఉద్యోగం పొడుగాటి సాంకేతిక రిపోర్టులను పైవాళ్ళ కోసం ఒక పేజీకి కుదించడం. కింద నుంచి "మేం చూసిన నమూనాల్లో, మా పరికరం పట్టగలిగిన మేరకు, కనపడలేదు" అని వస్తుంది. పేజీలో చోటు లేదు కాబట్టి అది "పరీక్షల్లో కనపడలేదు" అవుతుంది. దాని మీంచి పై ఆఫీసులో తయారయ్యే నాలుగు లైన్ల నోట్‌లో "లేదు" అవుతుంది. ఆ నోట్ చూసి మాట్లాడేవాడు "లేదని శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు" అంటాడు. ఈ గొలుసులో ఎవరిని నిలదీసినా, నేను ఒక్క పదమే తీశాను అంటారు, నిజమే అంటారు. అందుకే ఏ నివేదికలోనైనా ముందు చూడాల్సింది సారాంశం కాదు, పరిమితులు అని వెనకెక్కడో పడేసే ఆ రెండు పేరాలని నా అభిప్రాయం. సాక్ష్యం ఎంతవరకు మోస్తుందో రాసేది అక్కడే.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక అభ్యంతరం చెబుతారు, అది తీసిపారేసేది కాదు. సురక్షితం అని నువ్వే నిరూపించు అంటూ కూర్చుంటే ప్రపంచంలో ఏ పనీ జరగదు కదా? నూటికి నూరు శాతం సురక్షితం అని ఎవరు నిరూపించగలరు? ఆపడం కూడా ఒక నిర్ణయమే, దానివల్లా మనుషులు చస్తారు. నిజం. దీనికి టీకాల గొడవ కంటే మంచి ఉదాహరణ లేదు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు 12 మంది పిల్లల మీద రాసిన ఒక వ్యాసాన్ని పట్టుకుని, తట్టు టీకాకి ఆటిజంతో సంబంధం ఉందన్న అనుమానం దేశాలు దాటింది. ఆ టీకా తయారీదార్ల మీద కేసు వేయబోతున్న లాయర్ల వైపు నుంచి ఆయనకి డబ్బు అందిన సంగతి వ్యాసంలో లేదు, ఆ తర్వాత ఒక విలేకరి తవ్వి తీశాడు. 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని రద్దుచేసింది, ఆయన వైద్య లైసెన్సు పోయింది. ఇటు డెన్మార్క్‌లో 5,37,303 మంది పిల్లల రికార్డులు చూసి 2002లో, 6,57,461 మంది పిల్లల రికార్డులు చూసి 2019లో, సంబంధం లేదని తేల్చారు. అయినా "ఇంకా నిరూపించండి" అన్నవాళ్ళు అంటూనే ఉన్నారు. పెట్రోలు సీసం వాళ్ళు హాని నిరూపించమని ఎంత మొండిగా అడిగారో, వీళ్ళు హాని లేదని నిరూపించమని అంతే మొండిగా అడుగుతున్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నవాడికి నాలుగో కాలు ఎన్నిసార్లు చూపిస్తే ఏం లాభం?

కాబట్టి బరువు ఎప్పుడూ ఒకేచోట ఉండాలని నేను అనడం లేదు. కొత్త పదార్థాన్ని అందరి ఒంట్లోకి, అందరి గాల్లోకి పంపేవాడు, దానిమీద లాభం తీసుకునేవాడు, ముందు తన వంతు రుజువు తేవాలి. తెచ్చాక, లక్షల మంది మీద, ఏళ్ళ తరబడి, తన జేబులో లేని మనుషులు కూడా పరీక్షించి అవునన్నాక, బరువు దిగుతుంది. అప్పుడు హాని ఉందనేవాడు తన కాగితాలు తేవాలి. సాక్ష్యం వచ్చినందువల్ల బరువు మారితే అందులో తప్పు లేదు, అలాగే మారాలి. ఛాలెంజర్ రాత్రి ఏ కొత్త సాక్ష్యమూ రాలేదు, ఎగరాల్సిన తేదీ వచ్చింది. నేను అడిగేదల్లా బరువు ఎందుకు మారిందో పైకి చెప్పమనే.

ఇంకొకటి, నాయకులు శాస్త్రవేత్తల మాట వినాల్సిందే అని కొందరు మిత్రులు ఆవేశపడతారు. నేను అంతదూరం వెళ్ళను. శాస్త్రం ఎంత ప్రమాదమో చెబుతుంది, ఆ ప్రమాదాన్ని ఎవరి మీద పెట్టాలో చెప్పదు, అది ఓట్లడిగి గెలిచినవాళ్ళ పని. 2009లో బ్రిటన్‌లో మాదకద్రవ్యాల సలహా సంఘం అధ్యక్షుడు డేవిడ్ నట్, ఏ మందు ఎంత ప్రమాదమని చట్టం వేసిన వర్గాలకీ అసలు హానికీ పొంతన లేదని, మద్యం, పొగాకు కొన్ని నిషిద్ధ మందుల కంటే ఎక్కువ హాని చేస్తున్నాయని బయట ప్రసంగించాడు. హోం మంత్రి ఆయన్ని పదవి నుంచి తీసేశాడు. గంజాయి విషయంలో ఆ సంఘం సలహాకి విరుద్ధంగా ప్రభుత్వం అప్పటికే వర్గం మార్చేసింది కూడా. సలహా కాదనే హక్కు మంత్రికి ఉంది, నిస్సందేహంగా. కానీ సలహా ఇదీ, నా నిర్ణయం ఇదీ, రెంటికీ మధ్య తేడాకి కారణం నా రాజకీయం అని చెప్పి ఊరుకోవచ్చు. సలహా ఏమిటో జనానికి చెప్పినందుకు మనిషినే తీసేస్తే, మిగిలిన సలహాదార్లు రేపటి నుంచి ఏం రాస్తారు? మంత్రికి నచ్చేదే రాస్తారు, అప్పుడు "నిపుణుల సలహా మేరకే" అన్న మాట అక్షరాలా నిజమైపోతుంది. కొంతమంది సభ్యులు నిరసనగా రాజీనామా చేశారు, వాళ్ళకి ఆ ప్రమాదం వెంటనే అర్థమైనట్టుంది.

ఒక నాయకుడి చిత్తశుద్ధిని కొలవాలంటే ఆయనకి సైన్సు ఎంత వచ్చో అడగడం దండగ. ఏ ఫలితం వస్తే మనసు మార్చుకుంటారు, ఆ ఫలితం ఎవరు చూడాలి, ఎప్పటిలోగా, ఆ పరీక్షకి డబ్బెవరిస్తారు, ఇవి అడగాలి. విలేకరులు ఇవి అడగరు, "ప్రజలు భయపడాలా వద్దా" అని అడుగుతారు, దానికి ఏ మంత్రికైనా జవాబు కంఠతా వచ్చు.

ముందే మాట ఇచ్చేస్తే ఏమవుతుందో ఓజోన్ కథలో ఉంది. 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్, ఫ్రిజ్జుల్లో, స్ప్రే డబ్బాల్లో వాడే సీఎఫ్‌సీలు పైకి చేరి ఓజోన్ పొరను తింటాయని లెక్కకట్టారు. వాటి తయారీలో అందరికంటే పెద్ద కంపెనీ డ్యూపాంట్ దాన్ని ఒప్పుకోలేదు. అయితే 1975లో పత్రికల్లో వేసిన ప్రకటనలో, ఇవి ఓజోన్‌ను తగ్గించి ఆరోగ్యానికి హాని చేస్తాయని నమ్మదగిన ఆధారం దొరికితే తయారీ ఆపడానికి సిద్ధం అని అచ్చువేసింది. అప్పటికి అది ఖర్చులేని మాట. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ కన్నం బయటపడింది. 1987 సెప్టెంబరు 16న సీఎఫ్‌సీలను తగ్గించే మాంట్రియల్ ఒప్పందం మీద దేశాలు సంతకాలు చేశాయి, కన్నానికి కారణం ఏమిటన్న వాదన అప్పటికి పూర్తిగా తేలనే లేదు. అందుకే ఒప్పందంలోనే ఒక ఏర్పాటు పెట్టుకున్నారు: కనీసం నాలుగేళ్ళకోసారి తాజా సాక్ష్యం చూసి కోతలను మళ్ళీ సరిచూడాలని. మొదట సగానికి తగ్గించాలన్నది, 1990లో లండన్‌లో పూర్తిగా మానెయ్యాలన్నదిగా మారింది, 1992లో కోపెన్‌హేగెన్‌లో గడువు ఇంకా ముందుకి జరిగింది.

1988 ఫిబ్రవరిలో ముగ్గురు అమెరికన్ సెనేటర్లు డ్యూపాంట్‌కి ఉత్తరం రాశారు, మీరు అప్పట్లో ఇచ్చిన మాట ఇదిగో, ఏం చేస్తారు అని. మార్చి 4న ఛైర్మన్ నుంచి జవాబొచ్చింది: అంత తీవ్రంగా తగ్గించాల్సిన అవసరాన్ని ప్రస్తుత సాక్ష్యం చూపించడం లేదు. మార్చి 15న నాసా ముందుండి నడిపించిన శాస్త్రవేత్తల బృందం, ఓజోన్ అంటార్కిటికా మీదే కాదు, జనం ఉండే ప్రాంతాల మీద కూడా తగ్గుతోందని ప్రకటించింది. మార్చి 24న డ్యూపాంట్ ఈ తయారీ క్రమంగా మానేస్తున్నట్టు చెప్పింది. ప్రత్యామ్నాయాలు అమ్ముకోవచ్చన్న లెక్క కంపెనీకి లేకపోలేదు, అది పుణ్యకార్యమని నేను చెప్పను. కానీ మార్చి 4కీ 24కీ మధ్య ఇంకా పరిశోధన జరగాలి అంటూ ఇంకో పదేళ్ళు లాగడానికి వాళ్ళకి అడ్డం వచ్చినవాటిలో ఒకటి, ఎప్పుడో తామే డబ్బిచ్చి అచ్చువేయించుకున్న ఆ ఒక్క వాక్యం.